తొలి తరం లాటినా, స్టెమ్ డిగ్రీ: లెక్క ఎక్కడ తప్పుతోంది?

అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్లలో నూటికి 17 మంది హిస్పానిక్‌లు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు (వాళ్లనే లాటినోలు అనీ, ఆడవాళ్లైతే లాటినాలు అనీ అంటారు). సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కలిపి స్టెమ్ అని పిలిచే ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నూటికి 8 మందే. 2017–19 సర్వేల ఆధారంగా ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో ప్రకటించిన లెక్క ఇది. 2020 జనగణన ప్రకారం ఆ దేశంలో హిస్పానిక్‌లు 6.21 కోట్ల మంది, అంటే జనాభాలో 18.7 శాతం. దాదాపు ఐదో వంతు ఉన్న జనం రేపటి పరిశ్రమల్లో తమ వాటాలో సగానికి కూడా చేరుకోలేదన్నమాట.

ఈ 8 శాతాన్ని చూసి, వాళ్లకు ఆ చదువుల మీద ఆసక్తి లేదనుకోవడం తేలిక. గణాంకాలు ఆ మాట చెప్పడం లేదు. ఆసక్తితో చేరినవాళ్లు ఏ సెమిస్టర్‌లో, ఏ కాగితం దగ్గర, ఏ పరీక్ష దగ్గర ఆగిపోతున్నారో అవి చూపిస్తున్నాయి. ఇంట్లో అమ్మానాన్నలు కాలేజీ ముఖం చూడని ఒక లాటినా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరితే ఆ మలుపులన్నీ ఆమె ఒక్కదానికే ఎదురవుతాయి.

ముందు నిర్వచనాలు

నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2023 నివేదిక తెరిస్తే, 2021లో స్టెమ్ ఉద్యోగుల్లో హిస్పానిక్‌లు 15 శాతం అని ఉంటుంది. ప్యూ చెప్పిన 8తో ఇది పొసగనట్టు కనిపిస్తుంది గానీ రెండూ నిజమే. ఫౌండేషన్ తన లెక్కలో బ్యాచిలర్ డిగ్రీ అక్కర్లేని సాంకేతిక పనులను కూడా కలుపుకుంటుంది. మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్‌లు, టెక్నీషియన్‌లు అందులోకి వస్తారు. యంత్రాన్ని బాగుచేసే చోట హిస్పానిక్‌లు తగినంతమంది ఉన్నారు. యంత్రాన్ని రూపొందించే చోటే వాళ్ల సంఖ్య పడిపోతోంది.

స్టెమ్‌లో ఆడపిల్లల లెక్కకూ ఇలాంటి చిక్కే ఉంది. ప్యూ స్టెమ్‌లో ఆరోగ్య రంగాన్నీ కలుపుకుంటుంది; దాని లెక్క ప్రకారం 2018లో ఆ రంగపు బ్యాచిలర్ డిగ్రీల్లో 85 శాతం మహిళలవే. ఇంజినీరింగ్‌లో వాళ్ల వాటా 22 శాతం, కంప్యూటర్ సైన్స్‌లో 19 శాతం. అన్నీ కలిపి సగటు తీస్తే పరిస్థితి బాగున్నట్టే కనిపిస్తుంది. విడదీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇక ‘తొలి తరం’. వలస వచ్చిన తొలి తరం అని కాదు, కాలేజీకి వెళ్లిన తొలి తరం అని ఇక్కడ అర్థం. తల్లికీ తండ్రికీ బ్యాచిలర్ డిగ్రీ లేని విద్యార్థులను లెక్కిస్తే 2015–16లో అమెరికా అండర్‌గ్రాడ్యుయేట్‌లలో 56 శాతం తొలి తరమే. తల్లిదండ్రులిద్దరూ కాలేజీ గడపే తొక్కని వాళ్లను మాత్రమే తీసుకుంటే అది 24 శాతానికి తగ్గుతుంది. రెండేళ్లు చదివి మానేసిన నాన్న ఉన్న ఇల్లూ, ప్రాథమిక పాఠశాలతో చదువు ఆగిపోయిన నాన్న ఉన్న ఇల్లూ ఒకటి కావు.

చేరడంలో సమానం, మిగలడంలో కాదు

క్యాథరిన్ రీగల్-క్రంబ్, మరో ఇద్దరు పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనాన్ని ఈ విషయంలో తప్పక చూడాలి. కాలేజీలో చేరిన లాటినో, శ్వేతజాతి విద్యార్థులు దాదాపు సమాన నిష్పత్తిలోనే స్టెమ్ మేజర్‌ను (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టును) ఎంచుకుంటున్నారని అందులో తేలింది. అంటే ఆశలో తేడా లేదు.

తర్వాత ఏమైందో చూడండి. స్టెమ్‌లో చేరిన శ్వేతజాతి విద్యార్థుల్లో 29 శాతం మేజర్ మార్చుకున్నారు, 13 శాతం డిగ్రీ లేకుండానే కాలేజీ వదిలేశారు. లాటినో విద్యార్థుల్లో 37 శాతం మేజర్ మార్చుకున్నారు, 20 శాతం చదువే మానేశారు. కూడి తీసేస్తే అక్కడ నూటికి 58 మంది నిలిచారు, ఇక్కడ 43 మందే. ఈ లెక్కలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఉన్నారు.

ఇదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. బిజినెస్ లాంటి చదువుల్లో మేజర్ మారేవాళ్ల విషయంలో ఇలాంటి తేడా కనిపించలేదు. అదే పిల్లలు, అవే ఇళ్లు, అవే కాలేజీలు. స్టెమ్ విభాగాల్లోనే జారిపోవడం ఎక్కువ. కాబట్టి పిల్లల సంగతి అడిగే ముందు ఆ విభాగాల్లో పాఠం ఎలా నడుస్తోందో అడగాలి.

ఒక ఫారం, ఒక తల్లి సంతకం

తల్లిదండ్రుల మీద ఆధారపడే తొలి తరం విద్యార్థుల ఇళ్లలో 2015–16 నాటి మధ్యస్థ ఆదాయం ఏడాదికి 41,000 డాలర్లు. చదువుకున్న తల్లిదండ్రుల ఇళ్లలో అది 90,000 డాలర్లు. ఈ తేడాను పూడ్చడానికి ప్రభుత్వం ఇచ్చే ముఖ్యమైన సాయం పెల్ గ్రాంట్. ఇటీవలి సంవత్సరాల్లో దాని గరిష్ఠ పరిమితి ఏడాదికి 7,395 డాలర్లు. అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. అది చేతికి రావాలంటే ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి.

ఆ దరఖాస్తులో తల్లిదండ్రుల ఆదాయం, పన్ను వివరాలు ఇవ్వాలి. వాళ్లు విడిగా ఆన్‌లైన్ ఖాతా తెరవాలి. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినది ఆ పిల్ల ఒక్కతే అయితే, 17 ఏళ్ల వయసులో అమ్మ పక్కన కూర్చుని పన్ను భాషను స్పానిష్‌లోకి మార్చి చెప్పే పని ఆమెదే. తల్లికి సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే కష్టం ఇంకా పెరుగుతుంది. అమెరికాలో పుట్టిన పిల్ల ఆ దేశ పౌరురాలు కాబట్టి తల్లి వలస స్థితి ఏదైనా ఆమెకు పెల్ గ్రాంట్ అర్హత ఉంటుంది. అయినా 2024–25 సంవత్సరానికి కొత్తగా తెచ్చిన ఫారం సరిగ్గా ఇలాంటి ఇళ్లకే మొరాయించింది. మామూలుగా అక్టోబరులో తెరుచుకోవాల్సిన దరఖాస్తు 2023 డిసెంబరు చివరికి గానీ రాలేదు. వచ్చాక కూడా నంబర్ లేని తల్లిదండ్రులు తమ భాగాన్ని పూర్తి చేయలేక వారాల తరబడి ఎదురుచూశారు. ఏ కాలేజీలో చేరాలో నిర్ణయించుకోవాల్సిన రోజుల్లో ఎంత డబ్బు వస్తుందో తెలియకుండా పోయింది.

లెక్కల మెట్లు

డబ్బు తర్వాత పెద్ద అడ్డంకి గణితం. అది పిల్లల తెలివికి సంబంధించింది కాదు, స్కూలు ఉన్న పేటకు సంబంధించింది. 2020–21 ప్రభుత్వ గణాంకాల ప్రకారం నల్లజాతి, లాటినో విద్యార్థులు ఎక్కువగా ఉన్న హైస్కూళ్లలో 35 శాతం మాత్రమే కాలిక్యులస్ చెబుతున్నాయి. వాళ్లు తక్కువగా ఉన్న స్కూళ్లలో అది 54 శాతం. స్కూల్లో లేని సబ్జెక్టును ఏ పిల్ల చదువుతుంది?

దీని ప్రభావం నాలుగేళ్ల చదువు మీద ఎలా పడుతుందో చిన్న లెక్క వేద్దాం. ఇంజినీరింగ్ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు కావాలి. సెమిస్టర్‌కు 15 చొప్పున 8 సెమిస్టర్లు. కాలిక్యులస్ ఒకటో భాగం పూర్తయితేనే ఫిజిక్స్, ఫిజిక్స్ పూర్తయితేనే స్టాటిక్స్, అదైతేనే డిజైన్ కోర్సులు. కాలిక్యులస్ లేని స్కూలు నుంచి వచ్చిన అమ్మాయి కాలేజ్ ఆల్జీబ్రా, ప్రీకాలిక్యులస్ అనే రెండు మెట్లు కింద మొదలుపెడుతుంది. మొత్తం వరుస రెండు సెమిస్టర్లు వెనక్కి జరుగుతుంది. 8 కాస్తా 10 అవుతుంది. ఫిజిక్స్ ల్యాబ్ మధ్యాహ్నం మూడు గంటలు, సూపర్‌మార్కెట్‌లో షిఫ్టూ అప్పుడే. ఒక్క కోర్సు తప్పితే 11. పెల్ గ్రాంట్ ఫుల్‌టైమ్ విద్యార్థికి జీవితకాలంలో 12 సెమిస్టర్ల వరకే. ఇక మిగిలింది ఒక్క సెమిస్టర్. ఆ దశలో అడ్వైజర్ దగ్గరికి వెళ్లి మేజర్ మార్చుకుంటానన్న అమ్మాయిని పట్టుదల లేనిదని అనడం అన్యాయం. ఆమె లెక్క సరిగ్గానే వేసుకుంది.

ఖర్చు తగ్గుతుందని చాలామంది ముందు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరతారు. అక్కడ మొదలుపెట్టినవాళ్లలో ఆరేళ్లలో బ్యాచిలర్ డిగ్రీ అందుకునేది దేశం మొత్తం మీద సుమారు 16 శాతమే. కాలేజీ మారేటప్పుడు కొన్ని కోర్సుల క్రెడిట్లు లెక్కలోకి రావు. వరుస తప్పకూడని స్టెమ్‌లో ఆ నష్టం మరింత బరువు.

ఇల్లు బలమా, భారమా?

నాలుగేళ్ల డిగ్రీ లేని, ప్రస్తుతం చదవని హిస్పానిక్‌లను ప్యూ 2021లో కారణం అడిగింది. పదిమందిలో ఏడుగురు దాకా రెండు మాటలు చెప్పారు: ఇంటిని పోషించడానికి పని చేయాల్సి వచ్చింది, చదువుకు డబ్బు సరిపోలేదు. చదువంటే పట్టించుకోని ఇళ్ల మాటలు కావివి. కూతురి డిగ్రీ కోసం రెండు ఉద్యోగాలు చేసే తల్లులున్న ఇళ్లలోనే, ఆ కూతురు తమ్ముణ్ని స్కూలుకు దింపాలి, అమ్మమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టర్ చెప్పింది అనువదించాలి. ఈ పనులు కొడుకుల కంటే కూతుళ్ల మీదే ఎక్కువగా పడతాయని వేరే చెప్పనక్కర్లేదు.

వ్యోమగామి ఎలెన్ ఒచోవా తల్లి కథ ఇక్కడ చెప్పుకోవాలి. పిల్లలను పెంచుతూ ఒక్కో కోర్సు చొప్పున చదివి, మొదలుపెట్టిన 22 ఏళ్ల తర్వాత ఆమె డిగ్రీ అందుకున్నారు. కూతురు ఎలెన్ శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఒక ఇంజినీరింగ్ ప్రొఫెసర్ నిరుత్సాహపరిచారు. ఫిజిక్స్ ప్రొఫెసర్ రమ్మని ఆహ్వానించారు. ఆమె 1980లో ఫిజిక్స్ డిగ్రీ, 1985లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డాక్టరేట్ పొందారు. 1993లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి హిస్పానిక్ మహిళ అయ్యారు. 2013లో జాన్సన్ స్పేస్ సెంటర్‌కు డైరెక్టర్ అయ్యారు. ఇద్దరు ప్రొఫెసర్లు మాట్లాడిన తీరు అంత పెద్ద జీవితానికి దారి మార్చింది. ఆ రెండో ప్రొఫెసర్ దొరకని పిల్లలు ఎంతమందో ఏ లెక్కలోనూ ఉండదు. అమెరికా కాలేజీల ఫుల్‌టైమ్ అధ్యాపకుల్లో హిస్పానిక్‌లు సుమారు 6 శాతం, అందులో మహిళలు సగం.

పని చేస్తున్నవి ఏమిటి?

విద్యార్థుల్లో కనీసం 25 శాతం హిస్పానిక్‌లు ఉన్న కాలేజీలను అమెరికా చట్టం హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్‌లుగా గుర్తిస్తుంది. ఇవి ఇప్పుడు సుమారు 600. కాలేజీల్లో ఐదో వంతే అయినా లాటినో అండర్‌గ్రాడ్యుయేట్‌లలో మూడింట రెండొంతుల మందికి చదువు చెబుతున్నవి ఇవే. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ ఎల్ పాసోనే చూడండి. 1914లో గనుల బడిగా మొదలైన ఈ సంస్థలో ఇప్పుడు ఐదుగురిలో నలుగురికి పైగా హిస్పానిక్‌లు. మెక్సికో సరిహద్దు అవతల హ్వారెస్ నుంచి వంతెన దాటి వచ్చి చదివేవాళ్లూ ఉన్నారు. పరిశోధనలో అత్యున్నతమైన ఆర్‌1 హోదా 2018 కార్నెగీ వర్గీకరణలో దీనికి దక్కింది. పేదింటి పిల్లలను విరివిగా చేర్చుకుంటే ప్రమాణాలు పడిపోతాయన్న వాదనకు ఇంతకంటే గట్టి జవాబు ఉండదు.

క్లాసు నడిపే తీరు మారినా ఫలితం మారుతుంది. లెక్చర్ వినిపించి వదిలేయకుండా విద్యార్థుల చేత క్లాసులోనే సమస్యలు చేయించి, చర్చ పెట్టించే బోధనపై జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2020లో విశ్లేషించారు. వెనకబడిన వర్గాల విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య మార్కుల తేడా 33 శాతం, పాస్ శాతంలో తేడా 45 శాతం తగ్గాయి. పిల్లలు వాళ్లే, సిలబస్ అదే.

గణితం మెట్ల విషయంలో కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 చట్టం తెచ్చింది. కమ్యూనిటీ కాలేజీలు విద్యార్థులను ప్రాథమిక కోర్సుల్లో ఏళ్ల తరబడి తిప్పకుండా, డిగ్రీకి పనికొచ్చే గణితాన్ని ఏడాదిలోపు పూర్తిచేసే అవకాశం పెంచాలని ఆదేశించింది.

ఇంత జరుగుతుండగా 2025 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ మైనారిటీ విద్యార్థులకు సేవచేసే సంస్థలకు ఇచ్చే సుమారు 35 కోట్ల డాలర్ల గ్రాంట్లను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అందులో హిస్పానిక్ సంస్థలవీ ఉన్నాయి. జాతి వాటా ఆధారంగా నిధులివ్వడం రాజ్యాంగ విరుద్ధమన్నది దాని వాదన. ఆ డబ్బుతో నడిచేవి ట్యూటరింగ్ గదులు, ల్యాబ్‌లు, అడ్వైజర్ల ఉద్యోగాలు. హిస్పానిక్ కాని పేద విద్యార్థులు కూడా వాటినే వాడుకుంటారు.

మన పిల్లల పక్క బెంచీలోనే

తెలుగు విద్యార్థులు ఎంఎస్‌కు పెద్ద సంఖ్యలో వెళ్లే యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్, యూటీ ఆర్లింగ్టన్, నార్త్ టెక్సస్ మూడూ హిస్పానిక్ సర్వింగ్ సంస్థలే. మనవాళ్లు విమానం దిగేలోపే సీనియర్ల వాట్సాప్ గ్రూపులో ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో, ఏ ప్రొఫెసర్‌ను అడగాలో తెలుసుకుంటారు. అదే ఊళ్లో పుట్టి పెరిగిన తొలి తరం అమ్మాయికి ఆ కబురు చెప్పేవాళ్లు ఉండరు. దేశం ఆమెదే, దారి తెలిసినవాళ్లు మాత్రం మనకే ఎక్కువ. టీచింగ్ అసిస్టెంట్‌లుగా ల్యాబుల్లో, ట్యూటరింగ్ గదుల్లో పని చేసే మన పిల్లలు ఆ తేడాను కొంతైనా తగ్గించగలరు. ఆఫీస్ అవర్స్‌కు రమ్మని ఒక్కసారి గట్టిగా చెప్పినా అది సాయమే.

కాలేజీలు తమ ఘనత చెప్పుకోవడానికి ప్రవేశాల సంఖ్య ప్రకటిస్తుంటాయి. వాటిని మూడు లెక్కలు అడగాలి. కాలిక్యులస్ ఒకటో భాగంలో చేరిన తొలి తరం లాటినాల్లో ఎంతమంది పాసయ్యారు? మొదటి ఏడాది ఇంజినీరింగ్‌లో ఉన్నవాళ్లలో ఎంతమంది మూడో ఏడాదికీ అందులోనే ఉన్నారు? కమ్యూనిటీ కాలేజీ నుంచి తెచ్చుకున్న క్రెడిట్లలో ఎన్ని చెల్లాయి? ఈ మూడింటినీ విభాగాల వారీగా ఏటా బయటపెట్టిన కాలేజీకి తన లోపం ఎక్కడుందో తెలుస్తుంది, దిద్దుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆ పని చేయనంతకాలం 8 శాతానికి జవాబుదారులు ఆ అమ్మాయిలు కాదు, ఆ సంస్థలే.