5.4 గేమ్ డౌన్‌లోడ్ క్లయింట్ కాపీ రక్షణ కిందికి వస్తుందా?

ఈ భాగం చదివిన తరువాత మీరు క్లయింట్ చేసే వేర్వేరు పనులను గుర్తించగలుగుతారు. వాటిలో ఏది కాపీ రక్షణ అవుతుందో కారణాలతో వివరించగలుగుతారు.

5.4.1 క్లయింట్ చేసే పనులు

కంప్యూటర్ గేములను ఇంటర్నెట్ ద్వారా కొని, డౌన్‌లోడ్ చేసుకోవడానికి ఉపయోగపడే ప్రోగ్రామును క్లయింట్ అంటారు. వాల్వ్ సంస్థ 2003లో ప్రవేశపెట్టిన స్టీమ్ ఇందుకు ఉదాహరణ. క్లయింట్ ప్రధానంగా నాలుగు పనులు చేస్తుంది.

అ) గేములను అమ్మడం
ఆ) ఏ ఖాతాకు ఏ గేముపై హక్కు ఉందో నమోదు చేయడం
ఇ) హక్కు ఉన్నవారికి ఫైళ్లను అందించి, అప్‌డేట్ చేయడం
ఈ) గేమ్ తెరిచేటప్పుడు ఆ హక్కును సరిచూడడం

మొదటి మూడూ దుకాణం చేసే పనులే. డబ్బు చెల్లించనివారికి దుకాణదారు పుస్తకం ఇవ్వడు. కాని ఇచ్చిన తరువాత దాన్ని జిరాక్స్ తీయకుండా ఆపలేడు. నాలుగో పని అలాంటిది కాదు. ఫైలు చేతికి వచ్చిన తరువాత కూడా దాని వాడకాన్ని అది అదుపు చేస్తుంది. కాపీ రక్షణ అనదగినది ఇదే.

5.4.2 ఒక సులభ పరీక్ష

గేమ్ ఫోల్డరును క్లయింట్ లేని మరో కంప్యూటరులోకి మార్చామనుకుందాం. గేమ్ నడిస్తే, అక్కడ క్లయింట్ పంపిణీ సాధనం మాత్రమే. నడవకపోతే రక్షణ ఉండవచ్చు. అయితే అవసరమైన ఇతర ఫైళ్లు లేకపోయినా గేమ్ ఆగిపోతుంది. కాబట్టి నడవకపోవడం ఒక్కటే రుజువు కాదు.

2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2ను డిస్కు రూపంలో కొన్నవారు కూడా స్టీమ్ ద్వారా యాక్టివేట్ చేసుకోవలసి వచ్చింది. ఇక్కడ క్లయింట్ రక్షణలో భాగం. కాని స్టీమ్‌లోనే అమ్మే కొన్ని గేములు క్లయింట్ లేకుండా నడుస్తాయి. రక్షణ పెట్టాలా వద్దా అన్నది ప్రచురణకర్త నిర్ణయం. 2008లో మొదలైన జి.ఓ.జి. రక్షణ లేని గేములను అమ్ముతుంది. దాని క్లయింట్ గెలాక్సీని వాడడం తప్పనిసరి కాదు.

5.4.3 చట్టం దృష్టిలో

మన కాపీరైట్ చట్టం, 1957కు 2012 సవరణ ద్వారా సెక్షన్ 65ఎ చేరింది. హక్కుల రక్షణకు పెట్టిన సమర్థమైన సాంకేతిక చర్యను, ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. ఇక్కడ రెండు అంశాలు గమనించండి: రక్షణ చర్య ఉండాలి, ఉల్లంఘించే ఉద్దేశమూ ఉండాలి. అమెరికాలో 1998 నాటి చట్టం, కృతిని అందుకునే మార్గానికి వేసిన తాళాన్ని ఛేదించడాన్ని కూడా నిషేధిస్తుంది.

5.4.4 కొనుగోలుదారుకు ఎందుకు ముఖ్యం?

సర్వరు మూతబడితే, దానిపై ఆధారపడిన గేమ్ డబ్బు చెల్లించినవారికీ దక్కకపోవచ్చు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, అమ్మేది లైసెన్సు మాత్రమే అయితే ఆ సంగతి కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా ఆఫ్‌లైన్‌లో దాచుకోగల డౌన్‌లోడ్‌లకు ఈ నియమం వర్తించదు. అంటే ఈ చట్టం కూడా చూసేది, ఫైలు నిజంగా కొన్నవారి చేతిలో ఉందా అన్నదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. క్లయింట్ చేసే నాలుగు పనులలో కాపీ రక్షణ ఏది? ఎందుకు?
2. క్లయింట్ లేకుండా గేమ్ నడవకపోవడం రక్షణకు పూర్తి రుజువు ఎందుకు కాదు?