వాగు చెప్పిన లెక్క

మా ఊరి వాగు మీరు చూసి ఉండరు. గోదావరి మన్యంలో ఒక కొండమీద పుట్టి, మామిడితోపు పక్కగా వచ్చి, మా చెరువులో కలుస్తుంది. చిన్నప్పుడు అందులో మోకాటి లోతున నిలబడి కాలివేళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళం. నీళ్ళు అంత తేటగా ఉండేవి.

1974లో ఆ కొండమీద కూపు కొట్టారు. దుంగలు కొలిచి కంట్రాక్టరుకు లెక్కలు రాసిన గుమాస్తాను నేనే! లారీల కోసం వాలుమీద బాట తవ్వారు. దుంగలను ఈడ్చి ఆ బాటకు చేర్చారు. ఆ వానాకాలం వాగు ఎర్రగా పారింది. ‘ఏడాదిలో అదే తేరుకుంటుందిలే’ అనుకున్నాను. మూడో ఏట చెరువులో మేట వేసింది. నాలుగో ఏట బాట కింది చరియ జారి, మా అరెకరం మడిమీద ఇసుక పరుచుకుంది.

“ఏరా, ఈ ఇసుక కూడా నీ లెక్కలో రాశావా?” అన్నారు నాన్నగారు. నా దగ్గర జవాబు లేదు.

చెట్టు కొట్టిన నాలుగేళ్ళకు కొండ జారడమేమిటి? చాలాకాలం తర్వాత గాని నాకు బోధపడలేదు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాన హబ్బర్డ్ బ్రూక్ అనే ప్రయోగ అరణ్యం ఉంది. బోర్మన్, లైకెన్స్ మొదలైన శాస్త్రజ్ఞులు అక్కడ ఒక సెలయేటికి నీరిచ్చే 15.6 హెక్టార్ల అడవిని 1965 చివర పూర్తిగా కొట్టించారు. బాట వేయలేదు, ఒక్క దుంగనూ ఈడ్వలేదు. తిరిగి మొలవకుండా మూడు వేసవులు మందు చల్లారు. నీరు పీల్చే చెట్లు లేవు గనుక మొదటి ఏడు సెలయేరు సుమారు 40 శాతం ఎక్కువగా పారింది. మట్టి మాత్రం మొదట్లో అంతగా కొట్టుకురాలేదు!

కారణం చూడండి. చెట్టు పోయినా దాని వేళ్ళు కొంతకాలం మట్టిని పట్టుకునే ఉంటాయి. నేలమీది ఆకుచెత్త వాన దెబ్బను కాస్తుంది. ఏటికి అడ్డంపడ్డ కొమ్మలు ఒండ్రును ఆపుతాయి. ఇవన్నీ కుళ్ళిపోయాక అసలు కోత మొదలయింది. మందు మానిన తర్వాత, 1969 నుంచి, ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోయిన అడవి చెర్రీ గింజలు మొలిచి నేలను కప్పాయి. నష్టం తగ్గుతూ వచ్చింది.

మా కొండమీద ఇంకో తప్పు జరిగింది. ఆకుచెత్తను గీకేసి, వాలును కోసి బాట తీశాము. గట్టిపడ్డ బాటలోకి నీరు ఇంకదు; అదే కాలువై మట్టిని సూటిగా వాగుకు చేర్చింది. గొడ్డలికన్నా బాటే ఎక్కువ మట్టి తెస్తుందని అడవుల వాగులు కొలిచినవారు చాలాచోట్ల తేల్చారు. వాగు ఒడ్డున చెట్లు వదిలి, బాటనీటిని అక్కడక్కడ అడవిలోకి మళ్ళించి ఉంటే సగం చేటు తప్పేది.

మొన్న కార్తీకంలో వెళ్ళి చూశాను. మోళ్ళకు వచ్చిన పిలకలు చెట్లయ్యాయి. పాత బాటమీద వెదురు అల్లుకుంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి. దిగి నిలబడ్డాను, చీలమండ దాటలేదు. అడుగున ఆనాటి ఇసుక అలాగే ఉంది. కొండ పచ్చబడటానికి పట్టిన కాలం వాగు అడుగు కడుక్కోవడానికి చాలలేదు.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన అడిగిన లెక్క ఇన్నాళ్ళకు రాస్తున్నాను.