వృత్తిలో తృప్తి – వృత్తిలో అలసట

చమురు తరిగిన దీపమున వత్తియే కాలిపోవును. ఇతరుల కష్టములను వినుటయే పనిగాగలవారు విరామములేక శ్రమించినచో వారి మనస్సునకును అట్టి స్థితియే కలుగును. దీనిని 1974లో న్యూయార్కు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ‘బర్న్‌అవుట్’ అను పేరుతో వర్ణించెను. తెలుగున వృత్తిగ్లాని యనవచ్చును.

క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను శాస్త్రజ్ఞురాండ్రు 1981లో దీనిని కొలుచు ప్రశ్నావళిని ప్రకటించిరి. వారు చెప్పిన లక్షణములు మూడు: మనశ్శక్తి ఇంకిపోవుట, తన వద్దకు వచ్చినవారిని మనుషులుగా గాక ‘కేసులు’గా చూచుట, తాను సాధించినది ఏమియు లేదని తలచుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణమున ఇది వ్యాధి కాదు, వృత్తివలన కలుగు స్థితి మాత్రమే.

అమెరికాలోని పాఠశాలా మనస్తత్వజ్ఞులను ఉదాహరణముగా తీసికొందము. చదువులో వెనుకబడిన పిల్లలను పరీక్షించుట, కలతచెందిన విద్యార్థికి ధైర్యము చెప్పుట, తల్లిదండ్రులతోను ఉపాధ్యాయులతోను సంప్రదించుట వీరి పని. వికలాంగ బాలల విద్యకై 1975లో అచట చట్టము వచ్చిన పిమ్మట వీరికి పరీక్షలు, నివేదికలు మిక్కిలి పెరిగినవి. ఒక్కొక్కరికి 500 మంది విద్యార్థులు చాలునని వారి జాతీయ సంఘము సూచించుచున్నది. 2021–22లో సగటున 1,127 మంది యుండిరి. అనగా ఇద్దరి పని యొక్కరిపై బడినది.

వీరిలో మనశ్శక్తి ఇంకిపోయినవారు తక్కువ కాదని పరిశోధనలు తెల్పుచున్నవి. అయినను 1982, 1992, 2004 సంవత్సరముల జాతీయ సర్వేలలో నూటికి 80 మందికి పైగా తమ ఉద్యోగము తృప్తికరముగా నున్నదనిరి! ఈ రెండును ఒకేచోట ఎట్లుండును?

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, అతని సహచరులు పిట్స్‌బర్గు ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక సమాధానము చెప్పిరి. తృప్తికి కారణములు వేరు, అసంతృప్తికి కారణములు వేరు. మొదటిది పనినుండియు, దాని ఫలితమునుండియు పుట్టును. రెండవది పరిపాలనా విధానములనుండి, పని పరిస్థితులనుండి పుట్టును. ఈ సిద్ధాంతముపై విమర్శలు లేకపోలేదు. కాని పైసర్వేలలో మనస్తత్వజ్ఞులు అసంతృప్తి చూపిన విషయములలో పాఠశాలల పరిపాలనా విధానములు ఒకటి.

కావున ‘ఇష్టముతో చేయుచున్నాడు గదా’ యని భారము పెంచుట తగదు. ఓర్పు నేర్చుకొమ్మని బోధించుటకన్న పిల్లల సంఖ్యను తగ్గించుట, వ్రాతపనిని ఇతరులకు పంచుట, అనుభవజ్ఞుల సలహా లభింపజేయుట మేలు. మనస్తత్వజ్ఞుడు అలసి పిల్లవానిని ‘కేసు’గా చూచిననాడు నష్టపోవునది ఆ పిల్లవాడే.