జలక్రమకం

నీటితో నిండిన పల్లం క్రమంగా పూడి, చిత్తడినేలగాను, చివరకు మెట్టనేలగాను మారేటప్పుడు ఒక మొక్కల సముదాయం స్థానాన్ని మరొకటి ఆక్రమించడాన్ని '''జలక్రమకం''' అంటారు. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో వెలువరించిన గ్రంథంలో అనుక్రమ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించాడు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల చెరువులలో ఈ దశలను గమనించవచ్చు.

== దశలు ==
కొత్తగా నీరు చేరిన చోట మొదట వృక్షప్లవకాలు పెరుగుతాయి. అవి చనిపోయి అడుగున చేరగా ఏర్పడిన బురదలో హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మునిగి ఉండే మొక్కలు వేళ్ళూనుతాయి. వీటి కాండాలు నీటి వేగాన్ని తగ్గించడం వలన మట్టిరేణువులు అక్కడే దిగుతాయి. ఆ విధంగా లోతు తగ్గిన చోటికి తామర, కలువ వస్తాయి. వాటి వెడల్పాటి ఆకులు వెలుతురును అడ్డగించడంతో హైడ్రిల్లా క్షీణిస్తుంది. అనగా ప్రతి సముదాయమూ తరువాతి దానికి నేలను సిద్ధం చేసి, తన మనుగడను తానే కష్టతరం చేసుకుంటుంది. అనుక్రమంలో కీలకమైన విషయం ఇదే. ఆపై జమ్ము, తుంగ, తరువాత గడ్డి, పొదలు, చెట్లు.

== కాకతీయుల చెరువులు ==
పాఠ్యపుస్తకంలో చూపినంత వరుసగా ఇక్కడ ఈ మార్పు జరగదు. చాలా చెరువులు వేసవిలో ఎండుతాయి. అప్పుడు బురదలోని సేంద్రియ పదార్థం గాలి తగిలి త్వరగా శిథిలమవుతుంది. వానలు పడగానే తొలి దశ మళ్ళీ మొదలవుతుంది. పైగా ఇక్కడి పూడికలో అధికభాగం వాగులు తెచ్చిన మట్టే. దానిని పట్టి నిలిపేవి మాత్రం మొక్కలు. అందువలన శిఖం వైపు తుంగ, నడుమ తామర, కట్ట దగ్గరి లోతులో హైడ్రిల్లా ఒకే చెరువులో ఏకకాలంలో కనిపించవచ్చు.

గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు, గణపురం వద్ద ఉన్న గణపసముద్రం 13వ శతాబ్దికి చెందినవి. ఇటువంటి చెరువులు ఇంతకాలం చెరువులుగానే మిగలడానికి పూడికతీత ముఖ్యమైన కారణం. రైతులు ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకోవడం అనుక్రమాన్ని వెనుకకు నడిపించడమే. 2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకంలోనూ తీసిన పూడికను పొలాలకు తరలించారు.

== గుర్రపు డెక్క ==
దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క మురుగునీరు చేరే చెరువులలో విపరీతంగా పెరిగి నీటిని కప్పివేస్తుంది. అడుగుకు వెలుతురు అందదు, కరిగిన ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి. కుళ్ళిన మొక్కలు పూడికను పెంచుతాయి. తీసిన మొక్కలను గట్టు మీదనే వదిలితే వాననీటితో తిరిగి చెరువులోనికి చేరతాయి. దీని విత్తనాలు బురదలో అనేక సంవత్సరాలు సజీవంగా ఉంటాయి కనుక పూతకు ముందే తొలగించడం మేలు.