పంపు తిరగగానే బోర్డు రీసెట్ ఎందుకవుతుంది?

కుండీల్లో మొక్కలకు దానంతటదే నీళ్లు పోసే ఏర్పాటు. మైక్రోకంట్రోలర్ పట్టుకున్నవాళ్లు తొలిరోజుల్లోనే సరదాపడి చేసే పని ఇది. మట్టిలో తేమ సెన్సర్, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక రిలే, చిన్న 5 వోల్టుల పంపు ఉంటే చాలు. ప్రోగ్రాం ఎక్కించాక మట్టి ఎండిందని సెన్సర్ చెబుతుంది, రిలే టక్కుమంటుంది, పంపు ఒక్క క్షణం తిరుగుతుంది. అంతలో బోర్డు రీసెట్ అయి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇక రాత్రంతా కోడ్‌లో తప్పు వెతకడమే పని. తప్పేమో కరెంటు దగ్గర ఉంటుంది.

కోడ్‌నే ముందు అనుమానించడానికి కారణం లేకపోలేదు. ఇలాంటి మైక్రోకంట్రోలర్ బోర్డుల్లో ఒకటైన ఆర్డువినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో, ఒక డిజైన్ విద్యాసంస్థలో పుట్టింది. ఇంజినీరింగ్ చదవని విద్యార్థులు కూడా వాడుకునేలా దాన్ని తయారుచేశారు. అది మంచి పనే. కాకపోతే ఆ సౌలభ్యంలో వోల్టులు, ఆంపియర్లు తెర వెనక్కి వెళ్లిపోయాయి, తెర మీద కోడ్ ఒక్కటే మిగిలింది.

పంపు సంగతికే వద్దాం. ఆగి ఉన్న మోటారు కదలడానికి, తిరుగుతున్నప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అదే సమయంలో ఈఎస్‌పీ32 వైఫైలో ఏదైనా పంపుతుంటే అది కూడా అర ఆంపియర్ దాకా అడగొచ్చు. ఇవన్నీ ఒకే సన్నని యూఎస్‌బీ కేబుల్‌లోంచి రావాలి. ఆ కేబుల్ నిరోధం, పోను రాను కలిపి, అర ఓమ్ అనుకుందాం. 2 ఆంపియర్లు పారితే ఒక వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది. బోర్డుకు చేరేది 4 వోల్టులే. బోర్డు మీద ఉండే మామూలు రెగ్యులేటర్ 3.3 వోల్టులు సరిగ్గా ఇవ్వాలంటే దానికి మరో వోల్టు దాకా అదనంగా అందాలి. అది అందక వోల్టేజి జారుతుంది, చిప్ తనను తాను కాపాడుకోవడానికి రీసెట్ అవుతుంది. సీరియల్ మానిటర్‌ను 115200 వేగంతో తెరిచి చూడండి, ‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగ్గర్డ్’ అని అక్కడే కనిపిస్తుంది.

ఇక్కడ మల్టీమీటర్ కూడా బోల్తా కొట్టిస్తుంది. మామూలు మీటరు సెకనుకు రెండు మూడుసార్లు మాత్రమే అంకె మారుస్తుంది. కొన్ని మిల్లీసెకన్ల పాటు పడి లేచిన వోల్టేజిని అది పట్టుకోలేదు, తాపీగా 4.9 చూపిస్తుంది. ఆ పతనాన్ని కళ్లారా చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి. అది లేకపోయినా నష్టం లేదు, పంపుకు వేరే సప్లై ఇచ్చి చూడండి. రీసెట్ ఆగిపోతే దొంగ దొరికినట్టే. పంపును రిలేతో కాక ట్రాన్సిస్టర్‌తో నడిపితే మాత్రం రెండు సప్లైల గ్రౌండ్‌లూ కలిపి తీరాలి. మోటారు రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా పెట్టండి. మోటారు ఆగేటప్పుడు దాని కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజి ఆ డయోడ్ గుండా సర్దుకుంటుంది.

అయినా సరే, రెండో బోర్డు కొనే ముందు మల్టీమీటరే కొనమంటాను. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బోర్డులతో పాటు మీటర్లూ దొరుకుతాయి. కొనేటప్పుడు కంటిన్యూయిటీ బీప్ చటుక్కున మోగుతోందో లేదో చూసుకోండి, రోజూ పనికొచ్చేది అదే. ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి వోల్టులు కొలవబోతే మీటరే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కరెంటు కొలవడం అవగానే ప్రోబ్ మార్చేయాలి.

బ్రెడ్‌బోర్డు ప్రయోగానికి బాగుంటుంది, మోటారు కరెంటుకు పనికిరాదు. లోపలి క్లిప్పులు వాడేకొద్దీ వదులవుతాయి. పొడవు బోర్డుల్లో అంచున ఉండే సప్లై పట్టీలు కొన్నిటికి మధ్యలో తెగి ఉంటాయి, ఒక సగానికి కరెంటు అందదు. బీప్ పెట్టి చూస్తే అరనిమిషంలో తేలిపోతుంది.

సర్క్యూట్ పనిచేసిందంటే సోల్డరింగ్‌కు దిగాలి. ఐరన్ మొనకు సోల్డర్ కరిగించి తెచ్చి అతుకు మీద పూయడం చాలామంది చేసే పని. అలా కాదు. మొన ఒకేసారి ప్యాడ్‌నూ, భాగం కాలునూ తాకాలి. రెండు సెకన్లు వేడెక్కాక సోల్డర్ తీగను రెండోవైపు నుంచి, వేడెక్కిన లోహానికే ఆనించాలి. 63/37 సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మొన 350 దగ్గరుంటే పని చకచకా సాగుతుంది. సరైన అతుకు అంచుల దాకా పాకి, నున్నగా వాలుగా ఉంటుంది. లోహం వేడెక్కకపోతే సోల్డర్ తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, కదిపితే కనెక్షన్ పోతుంది. మందు సులువే, కాస్త రోజిన్ ఫ్లక్స్ రాసి మళ్లీ వేడిచేయడం. రేకు పనికి వాడే ఆమ్ల ఫ్లక్స్ బోర్డుల దరికి రానివ్వొద్దు, రాగిని మెల్లగా తినేస్తుంది. 63/37లో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. పొగ ప్రధానంగా ఫ్లక్స్‌ది, అది కూడా మంచిది కాదు, కిటికీ తెరిచి ఉంచండి.

ఇదంతా 5, 12 వోల్టుల లోపలి మాట. కుండీ పంపు పనిచేశాక, ఇదే రిలేతో పొలంలో బోరు మోటారు వేయొచ్చు కదా అనే ఆలోచన వస్తుంది. రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా, బోరు మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు కోడ్ ఆపమన్నా మోటారు ఆగదు. అలాంటి చోట చిన్న రిలే, స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి, అదీ కాయిల్ వోల్టేజికి రిలే తగినదైతేనే. మోటారు భారం కాంటాక్టర్ మోస్తుంది. ఆ వైపు తీగలు ఎలక్ట్రీషియన్ చేతే వేయించండి.