తుపానునకు ముందు మంచుకొండ



2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటినది మీకు జ్ఞప్తియందుండును. ఆనాడు నేను ఆ నగరమునందే యుంటిని. గాలి తగ్గిన పిమ్మట గండము గడచినదని తలచితిని. కాని తుపాను చావలేదు. దాని శేషము ఉత్తరముగా సాగి, 14వ తేదీన నేపాళదేశపు అన్నపూర్ణా పర్వతప్రాంతమున మంచుగా కురిసినది. 5,416 మీటర్ల యెత్తుననున్న థోరొంగ్ లా కనుమదారిని, ఆ చుట్టుపట్లను, మంచుగాలికిని, విరిగిపడిన మంచుచరియలకును 40 మందికి పైగా బలియైరి. నాటినుండి నన్నొక ప్రశ్న వెన్నాడుచున్నది: తుపాను వచ్చుచున్నదని తెలిసినపుడు కొండదారిని బోవువాడు అపాయము నెట్లు అంచనా వేయవలెను? నేను తెలిసికొన్నది మీకు మనవి చేసెదను.

మొదట చూడవలసినది వాలు. కళ్లములో ధాన్యపురాశి ఒక హద్దువరకే నిలుచును. అంతకు మించి పోసిన గింజలు జారును. మంచును అట్టిదే. వాలు 30 డిగ్రీలకు తక్కువైనచోట చరియ విరుగుట అరుదు. మిక్కిలి నిటారైనచోట మంచు నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవును. 30 మొదలు 45 డిగ్రీల వాలు మిక్కిలి అపాయకరము. తాను నడచునది చదునునేలయైనను ధైర్యపడరాదు. తలపైనున్న వాలునుగూడ చూడవలెను.

రెండవది పొరలు. మంచు ఒకేముద్దగా నుండదు. కురిసిన ప్రతిసారియు ఒక పొర యేర్పడును. ఆకసము నిర్మలముగానున్న చలిరాత్రులందు, మన పచ్చికపై మంచుబిందువులు నిలుచునట్లే, అచట ఈకలవంటి పలుచని స్ఫటికములు పైపొరమీద మొలచును. వానిపై క్రొత్తమంచు పడినచో, పలకమీద రాగులు చల్లి మఱియొక పలక నుంచినట్లగును. ఏటవాలున నది ఎంతసేపు నిలుచును? కావున అనుభవజ్ఞులు గుంట త్రవ్వి పొరల గట్టితనము పరీక్షింతురు. కాలిక్రింద మంచు ధుమ్మని క్రుంగినను, పగుళ్లు పాఱినను, దగ్గరలో చరియ విరిగిన జాడ కనబడినను, వేఱు పరీక్ష అక్కఱలేదు. ఆ వాలును వెంటనే విడువవలెను.

మూడవది బరువు. తుపాను తెచ్చునది ఇదియే. ఒక్కదినమున 12 అంగుళముల మంచు కురిసినచో అపాయము మిక్కిలి హెచ్చును. గాలి అంతకన్న మోసకారి. తూర్పారబట్టునపుడు పొట్టు గాలివాలున పోగుపడునట్లే, శిఖరమున కొకవైపు మంచును గాలి లేపి రెండవవైపు పోగుచేయును. ఆకసమునుండి రేణువైనను రాలకుండగనే ఆ వైపు నిండుకొనును. అట్టి వాలున ఒక్కమనిషి అడుగు చాలును. ప్రాణములు దీసిన చరియలలో పెక్కింటిని కదిపినది ఆ చిక్కినవాడో, వాని తోడివారో. కప్పబడినవానిని పది పదునైదు నిమిషములలో వెలికిదీసినచో బ్రతుకుట కాశ కలదు. అరగంట దాటినచో ఆ యాశ సన్నగిలును. దూరమునుండి సాయము వచ్చులోపల కాలము మించిపోవును.

ఇన్నిటిని తెలిసినవారును మోసపోవుదురు. ఏలయన, చాలదూరము వచ్చితిమి, కనుమ దగ్గరనేయున్నది, గాలి యింకను లేవలేదు అని మనసు చెప్పును. లెక్క చూడవలసినది ఆ గడియయందే. తుపాను మీదికి వచ్చిన పిమ్మట కాదు. తుపాను వెలిసిన వెంటనే ఎండకాసినను బయలుదేరరాదు. క్రొత్త బరువు కుదురుకొనుటకు ఒకటి రెండు దినములైన కావలెను.

ఈనాడు మన యువకులనేకులు హిమాలయములకు నడకయాత్రలు పోవుచున్నారు. మీ మనుమడు సెలవు పుచ్చుకొనునపుడు అడుగుడు: దారిపైనున్న వాలెంత? పాతమంచు ఎట్లున్నది? గాలి యేవైపు నుండి? వెనుకకు మరలు స్థలమేదని ముందే నిర్ణయించితివా? రేవున జెండా లేవగానే పడవను ఒడ్డునకు లాగిన జాలరిని మన తీరమున నెవరును పిరికివాడనరు. కొండనుండి మరలివచ్చినవానికిని ఆ గౌరవమే యిచ్చినచో, వాడు మరలివచ్చుటకు వెనుదీయడు.