డోరు పడాలంటే చాసీ దగ్గర మొదలుపెట్టాలి

పాత బండికి కొత్త రంగు వేయించిన వాళ్ళు చాలామంది ఒకటే మాట అంటారు: "బండి బాగానే వచ్చింది గానీ డోరే సరిగ్గా పడట్లేదు." గట్టిగా విసిరితే గానీ పడదు. లేదా పడుతుంది, కానీ పైన వేలు దూరేంత సందు, కింద కాగితం కూడా దూరదు. ఈ సంచికకి టెక్నికల్ వ్యాసాలు అడిగితే సగం మంది ఏఐ మీదే పంపిస్తారని నాకు తెలుసు. అందుకని నేను రేకు మీద రాస్తున్నా.

మాది కొడవలూరు. నెల్లూరు నుంచి కావలి వైపు హైవే మీద వస్తుంటే తగులుతుంది. మా కొట్టంలో ఒక మహీంద్రా ఎఫ్‌సీ పికప్ ఉంది, 1973 బండి. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్. 1950ల చివర్లో అమెరికాలో విల్లీస్ వాళ్ళు జీపు చాసీ మీద ముక్కు లేని లారీలాగా క్యాబిన్ పెట్టి చేసిన మోడల్ అది. తర్వాత ఇక్కడ మహీంద్రా తయారు చేసింది. ఇంజను డ్రైవరు పక్కనే, ఒక రేకు పెట్టె కింద ఉంటుంది. ఎండాకాలంలో ఎడమ కాలు ఉడికిపోతుంది, అది వేరే విషయం. మా తాతయ్య దీంట్లోనే మొలగొలుకుల బస్తాలు మిల్లుకి తోలేవాడు.

ఈ బండి ఇప్పుడు ఎందుకంటే, నాన్నకి ఒకరు "పాతదంతా కోసేసి కొత్త క్యాబిన్ కట్టిస్తా, చవగ్గా అయిపోద్ది" అని చెప్పారు. తాతయ్య ఒప్పుకోలేదు. సెంటిమెంటు ఒక్కటే కాదు, దీంట్లో చట్టం కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో వింటేజ్ బండ్ల కోసం ఒక సవరణ వచ్చింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, సొంత వాడకం బండి అయ్యుండాలి, చాసీలో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అలాంటి బండికి 20,000 రూపాయల ఫీజుతో, నంబరులో 'వీఏ' అక్షరాలతో, 10 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ ఇస్తారు. అంటే క్యాబిన్ కోసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఉన్న రేకునే మళ్ళీ కుదిరేలా చెయ్యాలి. ఎండాకాలం లోపల చెయ్యలేకపోతే బండి పాత ఇనుము కొట్టుకి పోతుంది, ఇదీ నాన్న పెట్టిన గడువు.

సరే, విషయంలోకి వస్తా. డోరు పడట్లేదంటే మనం డోరునే అనుమానిస్తాం. కోడ్‌లో ఎర్రర్ మెసేజ్ 200వ లైన్లో వచ్చి, బగ్ 12వ లైన్లో ఉండటం మనకి కొత్త కాదు కదా. ఇక్కడా అంతే. డోరు క్యాబిన్ మీద ఆధారపడి ఉంటుంది, క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద, బుష్‌లు చాసీ మీద. కాబట్టి చూడటం కింద నుంచి మొదలుపెట్టాలి.

బండి సమతలం మీద, తన టైర్ల మీదే నిలబడి ఉండాలి. చాసీ మధ్యలో జాకీలు పెట్టి లేపితే బరువు పడే చోట్లు మారి చాసీ కొంచెం వంగుతుంది, అక్కడ కుదిర్చిన డోరు టైర్లు నేల మీద ఆనగానే మళ్ళీ తేడా వస్తుంది. తర్వాత చాసీ మీద ముందు రెండు, వెనక రెండు ఒకేలాంటి చోట్లు ఎంచుకుని, అక్కడి నుంచి తూకపు గుండు వదిలి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాలి. కొలిచేది చాసీ మీద కాదు, నేల మీద. ఎందుకంటే పైన గేర్‌బాక్సు, యాక్సిల్ అడ్డం వచ్చి టేపు తిన్నగా నిలవదు. రెండు డయాగనల్స్ సమానంగా ఉంటే చాసీ మూలమట్టంగా ఉన్నట్టు. పక్కలు సమానంగా ఉంటే సరిపోదు, పారలలోగ్రామ్‌కి కూడా ఎదురెదురు పక్కలు సమానమే.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది దాని సున్నితత్వం. గుర్తుల మధ్య పొడవు 2 మీటర్లు, వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకోండి. ఒక పక్క చానల్ 1 సెంటీమీటరు ముందుకి జరిగి ఉంటే, డయాగనల్స్ మధ్య తేడా దాదాపు 19 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే టేపు తప్పుని రెట్టింపు చేసి చూపిస్తుంది. పైథాగరస్‌తో మీరే వేసి చూడండి.

చాసీ బాగుంటే తర్వాతి అనుమానం బుష్‌ల మీద. 50 ఏళ్ళ రబ్బరు ఒక్కో మూల ఒక్కోలా అణిగిపోయి ఉంటుంది. వాటి కింద పలచని రేకు ముక్కలు ఉంటాయి, మెకానిక్కులు ప్యాకింగ్ అంటారు. విప్పేటప్పుడు ఏ మూల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మూలకో కవరు పెట్టి, మీద రాసుకోవాలి. బందులు విప్పే ముందు వాటి చుట్టూ సూదిమొనతో గీత గీసుకోవాలి. ఫోటోలు ఎన్ని తీసినా ఎక్కువ కాదు. ఇది మన గిట్ కమిట్ లాంటిదే, వెనక్కి వెళ్ళే దారి.

ఇంక మా వైపు బండ్ల అసలు జబ్బు తుప్పు. సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు. దానికి తోడు తడి గడ్డి, ఎరువు బస్తాలు. డోరు కింద ఉండే గడప రేకు లోపల్నుంచి తినేసి ఉంటుంది. దాన్ని కోసి కొత్త ముక్క వెయ్యాల్సిందే. కానీ గడపే క్యాబిన్ ముందు పిల్లర్‌నీ వెనక పిల్లర్‌నీ దూరంగా పట్టి ఉంచేది. దాన్ని ఊరికే కోస్తే డోరు చట్రం ఆకారం మారిపోతుంది. అందుకని కత్తిరించే ముందే చట్రానికి అడ్డంగా ఇనప పైపులు తాత్కాలికంగా వెల్డ్ చేసి బిగించాలి. వెల్డింగ్ కూడా ఒక చివర మొదలుపెట్టి గీతలా లాక్కుంటూ పోకూడదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, చల్లారనిచ్చి మళ్ళీ. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుని రేకుని లాగుతుంది. మా టింకరింగ్ మేస్త్రి మాటల్లో చెప్పాలంటే, "తొందర పడితే రేకు అలుగుద్ది అబ్బయా, ఇంగ బుజ్జగించలేం."

ఇప్పుడు డోరు. ముందు తోక పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. తోక అంటే బందులకి ఎదురు అంచు. అది కటకటా ఆడితే బందుల పిన్నులు అరిగినట్టు. అవి మార్చకుండా చేసే సర్దుబాటు ఏదీ నిలవదు. పిన్నులు బాగుంటే, బందుకీ పిల్లర్‌కీ మధ్య ప్యాకింగ్‌తో ఆట మొదలవుతుంది. కింది బందు వెనక ముక్క పెడితే డోరు కింది భాగం తోక వైపు జరుగుతుంది, దాంతో తోక లేస్తుంది. పై బందు వెనక పెడితే తోక దిగుతుంది. ఎంత? బందుల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, డోరు వెడల్పు 70 అయితే, 1 మిల్లీమీటరు ముక్కకి తోక 70 బై 40, అంటే 1.75 మిల్లీమీటర్లు కదులుతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు మేస్త్రి నవ్వి, ఒక్కసారి డోరు వైపు చూసి సరైన ముక్క చేతికి ఇచ్చాడు. నేను కొలిచి చూస్తే అదే వచ్చింది.

ఇదంతా చేసేటప్పుడు లాక్ పట్టుకునే స్ట్రైకర్‌ని విప్పేసి ఉంచాలి. ఇది ముఖ్యం, మిగతావి మర్చిపోయినా పర్లేదు. దిగిన డోరుని స్ట్రైకర్ పైకి ఎత్తి పట్టుకునేలా సర్దేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ రోజూ ఆ బరువంతా లాక్ మీద పడి అరుగుతుంది. ఒకరోజు హైవే మీద గుంతలో పడ్డప్పుడు డోరు తెరుచుకుంటుంది. పాత బండ్లలో సీట్ బెల్టులు కూడా ఉండవు. డోరు బందుల మీదే తిన్నగా నిలబడాలి, స్ట్రైకర్ పని పట్టుకోవడం మాత్రమే.

వరస కూడా ఉంది. కదలని దాంతో మొదలుపెట్టాలి. క్యాబిన్ వెనక పిల్లర్ వెల్డ్ అయి ఉంటుంది, దాన్ని జరపలేం. కాబట్టి డోరుని వెనక పిల్లర్‌కి సరిపెట్టి, ముందున్న రేకుల్ని డోరుకి సరిపెట్టాలి. ముందు నుంచి మొదలుపెడితే తేడాలన్నీ పోగై చివరికి జరపలేని చోట తేలతాయి. డేటా స్ట్రక్చర్స్ చదివిన వాళ్ళకి ఇది టోపోలాజికల్ సార్ట్ అని చెప్పక్కర్లేదు.

సందు కొలవడానికి ఖరీదైన గేజీలు అక్కర్లేదు. వెల్డింగ్ రాడ్లు 2.5, 3.15, 4, 5 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. పూత రాలగొట్టిన రాడ్ సందులో పై నుంచి కింది దాకా ఒకేలా జారితే చాలు. సందు సన్నగా ఉండాలన్న పట్టుదల వద్దు, సమానంగా ఉంటే కంటికి సరిపోతుంది. ఈ బండ్లు కొత్తగా వచ్చినప్పుడు కూడా ఇప్పటి కార్లంత బిగుతుగా లేవు. పైగా పుట్టీ, ప్రైమర్, రంగు రెండు అంచుల మీదా మందం పెంచుతాయి కాబట్టి కాస్త ఎక్కువే వదలాలి. కొత్త రబ్బరు బీడింగ్ డోరుని బయటికి తోస్తుంది, రంగుకి ముందే ఒకసారి పెట్టి చూడాలి.

ఒక్క సందు మాత్రం కావాలనే పెద్దగా ఉంచాలి. క్యాబిన్‌కీ వెనక తొట్టికీ మధ్యది. రెండూ చాసీ మీద విడివిడిగా కూర్చుంటాయి. పొలం గట్టు ఎక్కేటప్పుడు చాసీ మెలి తిరిగితే ఒకటి ఒక వైపు, ఇంకోటి ఇంకో వైపు ఒరుగుతాయి. అందం కోసం దగ్గరికి జరిపితే తొట్టి క్యాబిన్ వెనక రేకుని గుద్దుతుంది. మా బండికి అక్కడున్న పాత సొట్టలు అలా వచ్చినవే.

ప్రస్తుతానికి ఎడమ డోరు ఒక వేలితో తోస్తే పడుతోంది. కుడి వైపు గడప వెల్డింగ్ అయింది, పైపులు ఇంకా తియ్యలేదు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక వాటిని కోసి, డయాగనల్స్ మళ్ళీ కొలిచి, ఆ డోరు ఎక్కించాలి. తాతయ్య ఎక్కేది కుడి వైపు నుంచే.